ఏ స్పీకర్లు కొనాలని అడిగావు కదా

తల్లీ,

మొదటి బోనస్ చేతికందగానే పాట వినే సామాను కొనుక్కోవాలనుకున్నావు చూడు, అందుకు ముందుగా నీకు నా ఆశీస్సులు. మనింట్లో వయొలిన్ పట్టిన పిల్లవి నువ్వొక్కదానివే, మంచి నాదం విలువ నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ నీ మెసేజ్‌లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "హై-ఫై షాపుల్లో అమ్మేదంతా సోకు పెదనాన్నా, స్టూడియోల్లో వాడేదే నిజం. అందుకే హాల్లోకి ప్రొఫెషనల్ మానిటర్లు తెచ్చేద్దామనుకుంటున్నా" అన్నావు. డబ్బు కట్టేలోపు నేను చెప్పేది కాస్త ఓపిగ్గా చదువు.

నేను రికార్డింగ్ థియేటర్లో కన్సోల్ ముందు ఉద్యోగం చేసినవాణ్ని. ఇప్పుడు ఇంట్లో తీరిగ్గా పాటలు వింటున్నవాణ్ని. రెండు రకాల సామానుతోనూ కాపురం చేశాను కాబట్టి చెబుతున్నాను, వాటిలో ఒకటి నిజం, ఇంకొకటి అబద్ధం అనుకోకు. దేన్ని ఏ పని కోసం తయారుచేశారు, వినేవాళ్లు ఎంత దూరంలో కూర్చుంటారు, ఎంతసేపు వింటారు, ఎంత గట్టిగా పెట్టుకుంటారు? తేడాలన్నీ అక్కడినుంచే పుట్టాయి.

రికార్డింగ్ థియేటర్లో ఇంజనీరు పాట వినడమ్మా, పాటలో తప్పు వింటాడు. పాడేవాళ్ల 'స'కారం ఈల వేస్తోందా, తంబురా శ్రుతి కింద ఏసీ గుయ్‌మంటోందా, మృదంగానికి మైకు మరీ దగ్గరైపోయి ఎడమవైపు బొంయ్‌మంటోందా, రెండు టేకులు అతికించిన చోట ఊపిరి తెగిందా. ఇవి పట్టుకోవడానికే మానిటర్ ఉన్నది. మీటరు దూరంలో కూర్చుని ఒకే ముక్కని తిప్పి తిప్పి వింటాడు. షిఫ్టు అయ్యేసరికి చెవులు అలిసిపోయి ఉంటాయి.

ఇప్పుడు మీ నాన్నని తీసుకో. ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, సోఫాలో చేరగిలబడి ఘంటసాల పాట పెట్టుకుంటాడు. వాడు తప్పులు వెతకడు. గొంతు ఎదురుగా ఉన్నట్టు ఉండాలి, వంటింట్లో ఉన్న మీ అమ్మకూ వినపడాలి, గంటసేపు విన్నా తల బరువెక్కకూడదు. పాత పాటల్లో టేపు సొరసొర, ట్రాక్ చిటపటలు ఎలాగూ ఉంటాయి. వాటిని భూతద్దంలో చూపించే స్పీకర్ మీ నాన్నకి ఎందుకు?

అలాగని స్టూడియో పెట్టె ఇంటికి పనికిరాదనీ, ఇంటి పెట్టె స్టూడియోకి పనికిరాదనీ కూడా కాదు. ఈ విషయంలో రెండు కథలు నీకు తెలియాలి. రెండూ నిజంగా జరిగినవే.

యమహా కంపెనీ 1978లో ఎన్‌ఎస్-10 అని ఒక చిన్న స్పీకర్ తెచ్చింది. ఇళ్లలో పుస్తకాల అలమరాలో పెట్టుకోవడానికి చేసింది. నల్ల పెట్టె, తెల్లటి కోన్. ఇంట్లో వినేవాళ్లు దాన్ని పెద్దగా ఆదరించలేదు. మంద్రం పలచన, మధ్యస్థాయి మీదికి దూసుకొస్తుంది, కాసేపటికే చెవి అలిసిపోతుంది. సరిగ్గా ఈ లక్షణాలే స్టూడియో వాళ్లకి అక్కరకొచ్చాయి. మనిషి గొంతు బతికేది మధ్యస్థాయిలోనే కదా, అక్కడ ఏ చిన్న తేడా ఉన్నా ఈ స్పీకర్ దాచిపెట్టదు. దీని మీద బాగా వచ్చేలా మిక్స్ చేస్తే కారు రేడియోలోనూ, టీవీలోనూ పాట నిలబడుతుందని ఇంజనీర్లకి గురి కుదిరింది. 1980లలో తీసిన పెద్ద స్టూడియోల ఫొటోలు చూడు, కన్సోల్ మీద ఆ తెల్ల కోన్‌లు తరచూ కనిపిస్తాయి. పైస్థాయి పలికే ట్వీటర్ మరీ పదునుగా ఉందని దాని మీద టిష్యూ కాగితం అంటించుకునేవాళ్లు. అమెరికాలో బాబ్ క్లియర్‌మౌంటెన్ అనే పేరున్న మిక్సింగ్ ఇంజనీరుతో ఆ అలవాటు ప్రచారంలోకి వచ్చింది. ఎంత మందం కాగితం, ఒక పొరా రెండు పొరలా అని కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. చివరికి యమహానే ట్వీటర్‌ని కాస్త మెత్తబరిచి స్టూడియో మోడల్ విడిగా తెచ్చింది. కోన్‌కి కావలసిన చెక్క గుజ్జు దొరకడం లేదని 2001లో తయారీ ఆపేశారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్ల కొలతలు బయటికొచ్చాయి. మూసిన పెట్టె కావడం వల్ల స్వరం ఆగగానే స్పీకర్ కూడా తొందరగా ఆగిపోతోంది, మంద్రంలో సాగదీత మిగలడం లేదు. ఇంజనీర్ల చెవులు ఎప్పుడో కనిపెట్టిన గుణం అదన్నమాట.

రెండోది దీనికి ఎదురు కథ. 1970ల మొదట్లో బీబీసీ వాళ్లకి ఒక చిక్కు వచ్చింది. బయట జరిగే కార్యక్రమాలు ప్రసారం చేసే వ్యాన్లలో చోటు ఉండదు, పెద్ద స్పీకర్లు పట్టవు, హెడ్‌ఫోన్‌లో విని తీర్పు చెప్పడానికి ఇంజనీర్లకి ఒప్పుదల లేదు. అప్పుడు వాళ్ల పరిశోధన విభాగమే ఎల్‌ఎస్3/5ఎ అని అడుగెత్తు స్పీకర్ తయారుచేసింది. లోపలి యూనిట్లు కెఫ్ కంపెనీవి. దాని ముఖ్యమైన పని మనిషి మాట సహజంగా వినిపించడం. అసలు మనిషి గొంతునీ, స్పీకర్‌లోంచి వచ్చే గొంతునీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం బీబీసీ వాళ్ల పద్ధతి. వ్యాన్ కోసం పుట్టిన ఆ పెట్టెని రోజర్స్, స్పెండార్, హార్బెత్ లాంటి కంపెనీలు లైసెన్సు తీసుకుని తయారుచేశాయి. అది ఇళ్లలోకి వచ్చింది, ఇంకా పోలేదు. గొంతుకి అంత మర్యాద చేసే చిన్న స్పీకర్లు తక్కువని నేనూ నమ్ముతాను. అయితే దాని సున్నితత్వం చాలా తక్కువ, గట్టిగా పెడితే తట్టుకోలేదు, లోతైన మంద్రం రాదు. ఆ లోటు తెలియకుండా పై మంద్రంలో ఒకచోట కాస్త ఎత్తు వదిలారు. బీబీసీ వాళ్లు చేసిన ప్రొఫెషనల్ మానిటర్‌లోనే ఆ మాత్రం సర్దుబాటు ఉంది తల్లీ. నువ్వు 'నిజం' అన్నావే, అది కూడా ఎవరో కూర్చుని ఆలోచించి, ఒకటి వదులుకుని ఇంకొకటి తీసుకున్నదే.

టెక్నిక్స్ వాళ్ల ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ సంగతీ ఇంతే. 1972లో ఇళ్ల కోసం వచ్చింది, డీజేల చేతిలో పడి క్లబ్బుల్లో స్థిరపడింది, 2010లో ఆగిపోయింది, 2016లో మళ్లీ ఖరీదైన హై-ఫై సామానుగా తిరిగొచ్చింది. కాబట్టి పెట్టె మీద 'స్టూడియో' అని ఉన్నంత మాత్రాన నమ్మేయకు, లేనంత మాత్రాన తీసిపారేయకు.

ఇక నిజంగా తేడా ఉన్నచోటికి వస్తాను. తీగలు కలిసే చోటది. షాపువాళ్లు ఇది సరిగ్గా చెప్పరు కాబట్టి కాస్త విడమరుస్తాను.

ప్రొఫెషనల్ సామాను ఒకదాన్నుంచి ఒకదానికి పంపే సంకేతం మట్టం +4 డీబీయూ. అంటే సుమారు 1.23 వోల్టులు. ఇంటి సామానుకి పాత లెక్క ప్రకారం −10 డీబీవీ, అంటే 0.316 వోల్టులు. రెండింటికీ 12 డెసిబెల్స్ దాకా తేడా. స్టూడియో సామాను శిఖరాల దగ్గర 12 వోల్టుల దాకా కూడా తట్టుకుంటుంది. ఇంటి సంకేతాన్ని ప్రొఫెషనల్ యాంప్లిఫయర్‌కి కలిపితే నీరసంగా వస్తుంది. సరే అని గెయిన్ పెంచితే సొరసొర కూడా పెరుగుతుంది. తిరగేసి కలిపితే, అంటే స్టూడియో మిక్సర్ ఔట్‌పుట్ నేరుగా ఇంటి యాంప్లిఫయర్‌కి ఇస్తే, గట్టి చోట్ల ఇన్‌పుట్ దగ్గరే శబ్దం పగిలిపోతుంది. అయితే ఇప్పటి సీడీ ప్లేయర్లూ, డిజిటల్ పాటని మామూలు సంకేతంగా మార్చే డాక్‌లూ 2 వోల్టుల దాకా ఇస్తున్నాయి. అందుకని ఈరోజుల్లో ఈ గొడవ పుస్తకంలో కనిపించేంత పెద్దది కాదు. గెయిన్ నాబ్ ఎక్కడ పెట్టాలో తెలిస్తే సర్దుకుపోతుంది.

రెండోది కనెక్టర్. ఇంటి సామాను వెనక ఎరుపూ తెలుపూ ఆర్‌సీఏ పిన్నులుంటాయి. లోపల ఒక తీగ, చుట్టూ జల్లెడలాంటి షీల్డు. పాట ఆ తీగలో వెళుతుంది, షీల్డులోంచి తిరిగొస్తుంది. స్టూడియో సామాను వెనక మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఉంటుంది. ఎప్పుడైనా ఆ కనెక్టర్ మూత మరతిప్పి లోపల చూడు. ఒకటో పిన్నుకి షీల్డు సోల్డర్ చేసి ఉంటుంది. రెండో పిన్నులో సంకేతం, మూడో పిన్నులో అదే సంకేతం తలకిందులుగా. దారిలో ఏ లైట్ డిమ్మరో, ఏసీ మోటారో రేపిన రొద ఆ రెండు తీగల మీదా దాదాపు ఒకేలా ఎక్కుతుంది. అవతల అందుకునే యంత్రం రెండు తీగల మధ్య తేడాని మాత్రమే తీసుకుంటుంది. ఒకేలా ఎక్కిన రొద తేడాలో పోతుంది, పాట మిగులుతుంది. స్టేజీ మీది మైకు నుంచి హాలు చివర మిక్సర్ దాకా యాభై మీటర్ల కేబుల్ లాగేవాళ్లకి ఇది ప్రాణం. మీ టీవీ స్టాండ్ మీద డాక్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య మీటరు కేబుల్‌కి ఇదంతా అవసరం లేదు. బ్యాలెన్స్‌డ్ ఉంది కాబట్టి పాట తియ్యగా వస్తుందని ఎవరైనా చెబితే, పాటకి కొత్తగా వచ్చేదేమీ లేదు, రొద రాకుండా ఉంటుంది, అంతే అని గుర్తుపెట్టుకో.

యాంప్లిఫయర్ దగ్గర తేడా ఇంకా సూటిగా తెలుస్తుంది. పెళ్లిళ్లకి వచ్చే సౌండ్ సర్వీస్ వాళ్ల యాంప్లిఫయర్లు చూశావుగా, 19 అంగుళాల ర్యాక్‌లో బిగించి, ముందు పట్టుకోవడానికి హ్యాండిళ్లు, వెనక ఫ్యాను. లారీలో గుంటల్లో దూకి, ఎండలో నిలబడి, అర్ధరాత్రి దాకా పనిచేయాలి. అది ఆగిపోతే పెళ్లి ఆగినంత గొడవ. అందుకే వాటిని అంత మొండిగా కడతారు, విప్పి బాగుచేసుకోవడానికీ వీలుగా ఉంటాయి. ఆ మొండితనం నాకెంతో ఇష్టం. కానీ ఆ ఫ్యాను శబ్దం ఊరేగింపులో వినపడదు, మీ హాల్లో రాత్రి పదింటికి ఆలాపన మొదలవగానే వినపడుతుంది. ఆ మొండితనానికీ ఆ వాట్లకీ నువ్వు కట్టే డబ్బు మీ హాల్లో ఎప్పటికీ వాడుకలోకి రాదు. (గుళ్లో మైకు సెట్టు యాంప్లిఫయర్‌ది మరో దారి. దూరంగా కట్టిన హార్న్‌ల దాకా తీగలు లాగాలి కాబట్టి 100 వోల్టుల లైను ఇస్తుంది. ఇంటి స్పీకర్‌ని పొరపాటున కూడా దానికి తగిలించకూడదు.)

వాట్ల లెక్క ఒక్కటి చెబుతాను, ఎవరూ నిన్ను మభ్యపెట్టకుండా. ఇంటి స్పీకర్లు మామూలుగా ఒక వాట్‌కి, ఒక మీటరు దూరంలో 86 డెసిబెల్స్ ఇస్తాయి. సౌండ్ సర్వీస్ వాళ్ల హార్న్ స్పీకర్లు 100 దాకా ఇవ్వగలవు. ఆ 14 డెసిబెల్స్ తేడా అంటే శక్తిలో 25 రెట్లు. అంత ఉన్నా మీ హాల్లో మీరు సుఖంగా వినేటప్పుడు ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లే. మృదంగం దెబ్బ, వాద్యబృందం ఒక్కసారి ఎత్తుకునే చోటు, ఇలాంటి శిఖరాలకి దానికి పదుల రెట్లు కావాలి కాబట్టి 50 వాట్లో 80 వాట్లో ఉంటే చాలు. 500 వాట్ల బోర్డు చూసి మురిసిపోకు.

నువ్వు చూపించిన యాక్టివ్ మానిటర్ల మాటకొస్తే, అవి మంచివే. ఒక్కో పెట్టెలో ట్వీటర్‌కో యాంప్లిఫయర్, మంద్రం పలికే ఊఫర్‌కో యాంప్లిఫయర్, పాటని ఆ రెండింటికీ విడగొట్టి పంచడానికి మధ్యలో ఎలక్ట్రానిక్ క్రాసోవర్. ఎవరికి ఎంత శక్తి ఇవ్వాలో తయారుచేసినవాళ్లకే తెలుసు కాబట్టి జత కుదర్చడమనే తలనొప్పి మనకి ఉండదు. ఫిన్లండ్‌లో జెనెలెక్ కంపెనీ 1978లో మొదలైంది అక్కడి రేడియో వాళ్లకి ఇలాంటి పెట్టెలు చేసిపెడుతూనే. కానీ చవక రకం యాక్టివ్ మానిటర్లలో ట్వీటర్ నుంచి సన్నగా సొరసొర వస్తూ ఉంటుంది, పాట లేకపోయినా. స్టూడియోలో పని జరుగుతుంటే అది పట్టించుకోరు. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, అదీ దగ్గర కూర్చుంటే, ఒకసారి చెవిన పడ్డాక ఇక వదలదు. షాపులో రోడ్డు రొద మధ్య నీకు తెలియదు. తలుపు వేయించి, పాట ఆపించి, ట్వీటర్ దగ్గర చెవి పెట్టి విను.

దూరం సంగతి అంతకన్నా ముఖ్యం. నియర్‌ఫీల్డ్ మానిటర్ మీటరు దూరానికి చేసింది. నీ తలా, రెండు స్పీకర్లూ సమబాహు త్రిభుజం కావాలి, ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. అక్కడ గది మాట తక్కువ, స్పీకర్ మాట ఎక్కువ వినపడుతుంది. అదే చిన్న మానిటర్‌ని హాల్లో పెట్టి మూడు మీటర్ల అవతల సోఫాలో నలుగురు కూర్చుంటే దాని గొప్ప సగం గాలికి పోతుంది. పైగా అంత దూరం నింపడానికి గట్టిగా పెట్టాలి, చిన్న ఊఫర్ ఆయాసపడుతుంది. హాల్లో వినేవాళ్లకి నేరుగా వచ్చే శబ్దంతోపాటు గోడల మీద పడి వచ్చే శబ్దమూ ముఖ్యమే. స్పీకర్ పక్కలకి విసిరే శబ్దం ముందుకి విసిరేదానికి దగ్గరగా, నునుపుగా ఉండాలి.

ఇది నా చెవి చెబుతున్న మాట మాత్రమే కాదు. కెనడాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ అనే పరిశోధకుడు స్పీకర్లని తెర వెనక దాచి, ఏది ఏదో తెలియకుండా జనానికి వినిపించాడు. ఎదుటికి సమంగా, పక్కలకి నునుపుగా పలికే స్పీకర్లనే ఎక్కువమంది మెచ్చారు. తర్వాత ఆయనతో కలిసి హర్మన్ కంపెనీలో పనిచేసిన షాన్ ఆలివ్, శిక్షణ ఉన్న చెవులైనా లేనివైనా వరసగా ఇష్టపడేవి అవేనని చూపించాడు. 1994లో ఆలివ్ ఇంకో పని చేశాడు. అవే స్పీకర్లని ఒకసారి కనపడేలా, ఒకసారి కనపడకుండా పెట్టాడు. కనపడినప్పుడు సొంత కంపెనీ మనుషుల మార్కులే మారిపోయాయి. కాబట్టి నిజం పలకడం స్టూడియో వాళ్ల సొత్తు కాదమ్మా. మంచి ఇంటి స్పీకర్ కూడా నిజమే చెబుతుంది. బొమ్మా, బ్రాండూ, ధరా చూడకుండా విను.

టోన్ కంట్రోల్ గురించి నువ్వు తేలిగ్గా మాట్లాడావు, అది మాత్రం నాకు నచ్చలేదు. "బాస్, ట్రెబుల్ తిప్పేవాళ్లు విన్నట్టా" అన్నావు. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు మన చెవి తీరు కొలిచారు. శబ్దం తగ్గేకొద్దీ మంద్రస్థాయి మిగతావాటికన్నా త్వరగా చెవికి అందకుండా పోతుంది. స్టూడియోలో 80, 85 డెసిబెల్స్ దగ్గర కూర్చుని మిక్స్ చేస్తారు. మీరు రాత్రిపూట పక్క ఫ్లాట్ వాళ్లకి ఇబ్బంది లేకుండా 60 దగ్గర వింటారు. అప్పుడు తంబురా, మృదంగం ఎడమ చేయీ పలచబడతాయి. వాటిని కాస్త పైకి తెచ్చుకోవడానికే ఇంటి యాంప్లిఫయర్‌లో బాస్ నాబ్, లౌడ్‌నెస్ బటన్ పెట్టారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీ నాన్న పాత పాటలకి ట్రెబుల్ ఒక గీత తగ్గించుకుంటే చక్కగా తగ్గించుకోనీ. ఆ నాబ్‌లు ఉన్న యాంప్లిఫయరే చూడు.

ఇప్పుడు గది. స్పీకర్లకి పెట్టే డబ్బు మీద ఉన్న శ్రద్ధలో పావు వంతు గది మీద పెట్టినా ఫలితం వినపడుతుంది. మన ఫ్లాట్లన్నీ ఒకటే తీరు కదా, కింద నున్నటి టైల్స్, పైన స్లాబు, చుట్టూ పుట్టీ పెట్టిన ఖాళీ గోడలు. హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టు. వెనకే ట్ర్ర్‌మని ఒక మోత వస్తుంది. వయొలిన్ తీగ మీద కమాను లాగిన ప్రతిసారీ ఆ మోతే కలుస్తుంది. కింద మందపాటి జంపఖానా, గోడకి పుస్తకాల బీరువా, కిటికీలకి బరువైన పరదాలు ఉంటే అది చాలావరకు అణుగుతుంది. మంద్రం మాత్రం జంపఖానాలకి లొంగదు. మీ హాలు వెడల్పు పన్నెండు అడుగులు కదా, ఆ కొలతకి 47 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తను మోగుతుంది. ఒక మూల బూమ్మంటుంది, మధ్యలో అసలు వినపడదు. మూలల్లో పెట్టిన స్పీకర్ ఈ రోగాన్ని ఇంకా పెంచుతుంది. స్పీకర్లని గోడకి రెండడుగులైనా ముందుకి జరిపించు, సోఫాని వెనక గోడకి ఆనించకు. గుడ్ల ట్రేలాంటి ఫోమ్ షీట్లు అమ్ముతారు, గదంతా అంటించుకుంటే ట్రెబుల్ చచ్చిపోయి బూమ్ అలాగే ఉంటుంది. వాటి జోలికి పోకు.

కేబుళ్ల మీద ఎక్కువ ఖర్చు పెట్టనివ్వను. స్పీకర్ తీగ కాస్త మందంగా, రాగిది, బిగుతుగా కలిపి ఉంటే చాలు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ గొడవ కూడా రికార్డు చేసేవాళ్లది. ఎంత గట్టిగా పాడతారో ముందే తెలియదు కాబట్టి మనకి అక్కడ జాగా కావాలి. వినడానికి సీడీ నాణ్యత సరిపోతుంది. 2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు హై-రిజల్యూషన్ రికార్డింగుల మధ్యలో సీడీ స్థాయి మార్పిడి పెట్టి పరీక్షిస్తే, మామూలు మట్టంలో వినేవాళ్లు తేడా పోల్చుకోలేకపోయారు. ఆ డబ్బుతో మంచి రికార్డింగులు కొను.

అసలు నీకు కావలసింది రెండు పనులు. నువ్వు గమనించావో లేదో. ఒకటి హాల్లో అందరూ కలిసి వినడం. రెండోది నీ గదిలో సాధన రికార్డు చేసి మీ గురువుగారికి పంపడం. ఒకే సామానుతో రెండూ చేయాలనుకోవడం వల్లే నీకీ తికమక.

రెండో పనికి ప్రొఫెషనల్ సామానే సరైనది, అందులో నేను నీ పక్షమే. చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉన్నది, దానికి ఒక కండెన్సర్ మైకు, మూసిన హెడ్‌ఫోన్ ఒకటి. సోనీ ఎండీఆర్-7506 స్టూడియోల్లో 1991 నుంచి నడుస్తోంది, అది చూడు. తానంలో శ్రుతి జారిన చోటు నిర్దాక్షిణ్యంగా వినిపిస్తుంది, సాధనకి అదే కావాలి. గంటలకొద్దీ పాటలు వినడానికి మాత్రం సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి తెరిచిన హెడ్‌ఫోన్ హాయి. అయితే అది 300 ఓములది, ఫోన్‌కి నేరుగా పెడితే చాలినంత బలం రాదు. ఏది పెట్టుకున్నా మట్టం జాగ్రత్త తల్లీ. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు హద్దు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 100 దగ్గర అది 15 నిమిషాలే. కన్సోల్ ముందు గట్టిగా వింటూ పనిచేసిన నా స్నేహితులు కొందరికి ఇప్పుడు వయొలిన్ పైస్థాయి సరిగ్గా వినపడదు. నీకు ఆ స్థితి రాకూడదు.

హాల్లోకి మాత్రం ఇంటి స్పీకర్లు తీసుకో. ఆరున్నర అంగుళాల ఊఫర్ ఉన్న జత, గట్టి స్టాండ్లు, 50, 60 వాట్ల ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్. డబ్బు రెండింటికీ ఒకేసారి చాలకపోతే ముందు హాలుది కొను. ఇంట్లో అందరూ కలిసి వినే అలవాటు ఒకసారి తప్పితే మళ్లీ కుదరదు.

కోఠీ గుజరాతీ గల్లీకి వెళితే పాత సామాను కూడా చూస్తావు, నాకు తెలుసు. చూడు, తప్పులేదు. జపాన్ నుంచి వచ్చిన యాంప్లిఫయర్ అయితే వెనక వోల్టేజీ చదువు. 100 వోల్టులని ఉంటే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230కి పెట్టిన మరుక్షణం కాలిపోతుంది. ఊఫర్ అంచున రబ్బరో ఫోమో ఎండి పగిలిందేమో వేలితో మెల్లగా తాకి చూడు. బిల్లు లేని కొత్త సరుకు ఎంత చవకైనా వద్దు, ప్రొఫెషనల్ సామానైనా సరే వారంటీ లేకపోతే రిపేరుకి నువ్వే తిరగాలి.

వినడానికి షాపుకి వెళ్లేటప్పుడు నీ పాటలు నువ్వే తీసుకెళ్లు. నీ వయొలిన్ రికార్డింగ్ ఒకటి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే దాని అసలు నాదం నీ గడ్డం కింద రోజూ మోగుతుంది. మీ నాన్నకి నచ్చిన మోనో పాట ఒకటి పెట్టు. స్పీకర్లు రెండూ సరైనవైతే గొంతు సరిగ్గా మధ్యలో నిలబడుతుంది, అటూ ఇటూ కదలదు. ఒక జతకీ ఇంకో జతకీ మధ్య వాల్యూమ్ సమానం చేయించు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవికి అదే మంచిదనిపిస్తుంది, అమ్మేవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు. మొదటిరోజే డబ్బు కట్టకు. ఇంటికొచ్చి ఓ రాత్రి పడుకుని, మళ్లీ వెళ్లి విను.

సామాను ఇంటికి వచ్చేలోపు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి హాలు బోర్డులో ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో చూపించమని మీ నాన్నకి చెప్పు. మూడో రంధ్రం ఉంటుంది కానీ వెనక తీగ ఉండని ఇళ్లు బోలెడు. అన్నిటికీ కరెంటు ఒకే బోర్డు నుంచి ఇప్పించు, హమ్ సగం రాకుండా పోతుంది. హమ్ వస్తోందని ఎవరైనా ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేయమంటే ఒప్పుకోకు, అది ప్రాణం మీదికి తెస్తుంది. నాకు ఫోన్ చెయ్యి, ఎక్కడినుంచి వస్తోందో ఇద్దరం కలిసి వెతుకుదాం. స్పీకర్ల అట్టపెట్టెలూ లోపలి థర్మాకోలూ అటక మీద పెట్టించు. రేపు రిపేరుకి పంపాలన్నా, ఇల్లు మారాలన్నా అవి లేకుండా ఆ బరువు భద్రంగా కదలదు.

ఆశీస్సులతో,
పెదనాన్న